కప్పల కథ చెప్పిన శుక్రవారం

మా బాపుకు చదువు రాదు. అయినా సాయంత్రం పని దిగాక ఇంటికి వచ్చే ముందు ఒక గంట లైబ్రరీలో కూర్చుని వచ్చేవాడు. ఆయనది నీళ్ళ మహకమాలో సర్కారు నౌకరీ. పొడుగాటి ఇనప తాళంచెవి భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరిగి నల్లాలు వదలడం, మళ్ళీ కట్టడం ఆయన పని. లైబ్రరీ బేగంబజార్ వెనక గల్లీలో, ఇత్తడి గిన్నెల దుకాణం మీది అంతస్తులో ఉండేది. అక్కడ ఒకాయన తెలుగు పేపరు పైకి చదువుతుంటే చదువు రానివాళ్ళు చుట్టూ కూర్చుని వినేవారు. బాపు వాళ్ళలో ఒకడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక సాయంత్రం మేనమామ ఊరి నుంచి వచ్చాడని, బాపును పిలుచుకు రమ్మని అమ్మ నన్ను పంపింది. కింద దుకాణంలో గిన్నెల సొట్టలు తీసే చప్పుడు. మెట్లెక్కి గడప దాటబోతుంటే లోపలి నుంచి ఒక పెద్దాయన లేచి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. ఆ లైబ్రరీని చూసుకునే పంతులు సారు ఆయనే.

"పిల్లలు లోపలికి రావద్దు బిడ్డా. ఏం కావాలె?"

"మా బాపు."

"పిలుస్త. నువ్వు మెట్ల మీద నిలబడు."

నిలబడ్డాను. తలుపు సందులోంచి గోడ పొడుగునా పుస్తకాలు కనిపించాయి. నేను మా బడిలో ఉర్దూ చదివేదాన్ని. తెలుగు ఇంట్లో మాట్లాడుకునేది. దానికి అక్షరాలు ఉంటాయని తెలుసు, బజారులో కొన్ని దుకాణాల బోర్డుల మీద చూశాను కూడా. కాని ఒక గోడ నిండే పుస్తకాలకు సరిపోయేటన్ని మాటలు మా ఇంటి భాషలో ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. ఉప్పు తెమ్మనడానికీ, తమ్ముణ్ణి తిట్టడానికీ పనికొచ్చే ఆ మాటలతోనే అంత రాశారా అని నాకు అర్థం కాలేదు.

దారిలో బాపును అడిగాను.

"పిల్లలు ఎందుకు పోవద్దు బాపూ లోపలికి?"

"పిల్లలు లొల్లి చేస్తరు గద."

"నేను చెయ్య."

"అందరు గట్లనే అంటరు," అన్నాడు.

ఏడాది తిరిగాక బాపే ఒకరోజు కొత్త కబురు తెచ్చాడు. లైబ్రరీ పెద్దలు కూర్చుని మాట్లాడుకుని పిల్లల కోసం వేరే ఒక అల్మారీ పెట్టారట. దాని ముందు ఒక జంపఖానా పరిచారట. శుక్రవారం బడికి సెలవు కాబట్టి ఆ రోజు పగటిపూట పిల్లలు రావచ్చట. నేను ఆ వారమే పోయాను. పోయి మళ్ళీ గడప దగ్గరే ఆగిపోయాను. అల్మారీ మీద ఒక అట్ట వేలాడుతోంది. దాని మీద ఏముందో లోపల కూర్చున్న ఒక పిల్లవాణ్ణి అడిగితే కూడబలుక్కుని చదివాడు. 'బాలుర విభాగము' అట. బాలురు అంటే మగపిల్లలు అని కూడా వాడే చెప్పాడు. నేను చెప్పులు మళ్ళీ తొడుక్కుంటుంటే పంతులు సారు చూశారు.

"ఎటు పోతున్నవ్?"

"గది మగపిల్లలకంట గద సార్."

ఆయన అట్ట వైపు చూశారు. దాన్ని రాసింది ఆయనే అనుకుంటాను. "బాలురంటె పిల్లలే బిడ్డా. ఆడిపిల్లలు గూడ అండ్లనే ఉన్నరు. రా, కూసో," అన్నారు. ఎలా ఉన్నామో నాకు కనిపించలేదు కాని కూర్చున్నాను.

అక్కడికి వచ్చిన పిల్లల్లో సగం మందికి తెలుగు చదవడం రాదు. అందరూ నాలాగే ఉర్దూ బడి పిల్లలు. అందుచేత పిల్లల విభాగం మొదట చేసిన పని పుస్తకాలు ఇవ్వడం కాదు, అక్షరాలు నేర్పడం. పంతులు సారు నాలుగు పలకలు తెచ్చి పెట్టారు. నియమాలు మూడు ఉండేవి. కుండలో నీళ్ళతో చేతులు కడుక్కోవాలి. పుస్తకం ఇంటికి తీసుకుపోకూడదు. పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకోకూడదు. నేను చాలా రోజులు పేజీని ఎడమ నుంచి కుడికి తిప్పుతుండేదాన్ని. ఉర్దూ పుస్తకం అలాగే తిప్పాలి మరి. కథ చివర మొదలై మొదట ఆగేది.

అక్షరాలు వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. ఆ పుస్తకాలు బెజవాడ నుంచో మద్రాసు నుంచో రైలు పార్సెల్‌లో వచ్చేవి. మొదటి పుస్తకంలో ఒక పిల్లవాడు గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళాడు. గుమ్మం అంటే ఏమిటో తెలియదు. మా ఇంట్లో గడప ఉండేది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళేవారు కాదు, పోయేవారు. "సార్, ఇది తెలుగేనా?" అని అడిగాను. "తెలుగే," అన్నారు. "మరి మనం మాట్లాడేది?" అన్నాను. "గది గూడ తెలుగే," అన్నారు. రెండూ తెలుగైతే ఒకటే ఎందుకు అచ్చయిందని అడుగుదామనుకున్నాను కాని ఆయన అప్పటికే పలకలు సర్దుతున్నారు. ఇప్పుడు నేను ఇదంతా ఆ పుస్తకాల తెలుగులోనే రాస్తున్నాను. ఎప్పుడు ఇటు మారానో నాకు తెలియదు.

కథలు చెప్పే ఆమె రావడం ఆ వానకాలంలో మొదలయింది. ఒక మిషను బడిలో టీచరు. జిల్లాల నుంచి వచ్చి కిషన్‌బాగ్‌లో అద్దెకు ఉండేది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు టాంగా దిగి, మెట్లెక్కి వచ్చి, జంపఖానా మీద మాతో సమానంగా కూర్చునేది. మొదటి రోజు మేం టీచరమ్మా అని పిలిస్తే, "గిది బడి కాదు, అక్కా అనుండ్రి," అంది. అక్క అన్నాం. ఆమె చేతిలో పుస్తకం ఉండేది కాదు. కథ ఆమె నోట్లోంచి మా భాషలోనే వచ్చేది. పుస్తకంలో లేని తెలుగు కూడా కథ చెప్పగలదని నేను అక్కడే మొదటిసారి విన్నాను.

మా పక్కింట్లో నా ఈడు దోస్తు ఒకతె ఉండేది. వాళ్ళ నాన్న లక్క గాజులు చేసేవాడు. వాళ్ళింట్లో దక్నీ ఉర్దూ మాట్లాడేవారు. దానికి తెలుగు బజారులో బేరం ఆడే వరకు వచ్చు. నేను ప్రతి శుక్రవారం ఎక్కడికి పోతున్నానో చూడాలని పట్టుబట్టింది. వాళ్ళమ్మ ముందు వద్దంది, తరవాత ఎండ తగ్గాక పోయి దీపాలు పెట్టక ముందే రమ్మంది. పంతులు సారు దాన్ని చూసి, "బిడ్డా, ఇక్కడ అన్నీ తెలుగు పుస్తకాలే," అన్నారు. అది, "సున్‌నేకు ఆయీ," అంది. వినడానికి వచ్చానని. వినడానికి వద్దని నియమం ఏదీ లేదు.

అది నా పక్కనే కూర్చునేది. అక్క ఒక మాట చెప్పగానే నేను దాని చెవిలో ఉర్దూలో చెప్పేదాన్ని. కథ ముందుకు పోతుంటే నేను ఒక మాట వెనక పోతుండేదాన్ని. ఒకోసారి రెండు మూడు మాటలు వదిలేసి అందుకోవాల్సి వచ్చేది. అక్క అది గమనించి కొన్ని చోట్ల ఆగేది. ఆ పిల్ల నవ్వే వరకు ఆగి, తరవాత ముందుకు పోయేది.

ఒక శుక్రవారం అక్క కప్పల కథ చెప్పింది.

ఒక అడవిలో ఒక కుంట ఉంది. ఆ అడవికి నెమలి రాజు. వాన వచ్చే ముందు నెమలీ కూసేది, కప్పలూ అరిచేవి. ఒకరోజు నెమలికి కోపం వచ్చింది. వాన వస్తోందని చెప్పాల్సింది నేను, మధ్యలో ఈ బురద జీవాల గోల ఏమిటని, కప్పలు ఇక నోరు తెరవకూడదని హుకుం వేసింది. కప్పలు అలిగి బురద కిందికి పోయి పడుకున్నాయి. మబ్బులు వచ్చాయి. పైనుంచి చూస్తే అంతా చెట్లే, కుంట ఎక్కడుందో వాటికి తెలియలేదు. కప్పల అరుపు విని కిందికి దిగడం వాటికి అలవాటు. నెమలి కూసింది కాని అది ఒక చోట ఉండదు, చెట్టు చెట్టుకూ ఎగురుతుంది. మబ్బులు ఆ అడవి దాటి పోయాయి. కుంట ఎండింది. చివరకు నెమలే కుంట గట్టుకు వచ్చి కప్పల్ని బతిమిలాడింది. కప్పలు అరిచాయి, వాన పడింది.

పిల్లలం అందరం కప్పల్లా అరిచాం. కింద గిన్నెల దుకాణం వాళ్ళు పైకి తొంగి చూశారు. పంతులు సారు అప్పుడు పెద్దవాళ్ళ గదిలో పేపర్లు కుడుతున్నారు. వచ్చి, "మెల్లగ, మెల్లగ," అని పోయారు.

తరవాతి శుక్రవారం అక్క ఇంకా రాలేదు. మేం కూర్చున్నాం. మెట్ల మీద బూట్ల చప్పుడయింది. ఒక పోలీసు అమీను, ఆయన వెనక ఒక జవాను వచ్చారు. అమీను గడప దగ్గర బూట్లు విప్పాలా వద్దా అని జంపఖానా వైపు చూసి, విప్పి లోపలికి వచ్చారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. నవాబు ఏలే ఆ రోజుల్లో పదిమందిని కూర్చోబెట్టి ఎవరైనా మాట్లాడితే అది జల్సా, అంటే సభ. జల్సాకు ముందుగా ఇజాజత్, అంటే సర్కారు అనుమతి తీసుకోవాలి. ఇక్కడ ప్రతి శుక్రవారం జల్సా జరుగుతోందని ఎవరో చెప్పారట.

పంతులు సారు చేతులు జోడించి ఉర్దూలో చెప్పారు. "జల్సా కాదు సాబ్. పిల్లలకు కథలు చెప్తరు."

"ఎంతమంది వస్తారు?"

"ఇరవై, ముప్పై."

"మాట్లాడేది ఒకరేనా?"

"ఒకరే. కాని ఆమె నిలబడి మాట్లాడరు సాబ్, కూర్చుని చెప్తరు."

అమీను ఆలోచనలో పడ్డారు. కూర్చుని చెప్తే జల్సా అవుతుందా కాదా అన్నది ఆయనకూ తెలియలేదనుకుంటాను. జవాను వైపు చూశారు. జవాను గోడ వైపు చూశాడు. తరవాత ఆయన, "పోయిన వారం ఏం కథ చెప్పారు?" అని అడిగారు. పంతులు సారు నిజమే చెప్పారు. తాను పక్క గదిలో ఉన్నానని, వినలేదని. పిల్లల్ని అడిగితే ఒకడు కప్పలా అరిచి చూపించాడు. అప్పుడు పంతులు సారు నా వైపు తిరిగారు.

"ఈ పిల్లకు ఉర్దూ మంచిగ వస్తది సాబ్. ప్రతి కథ దోస్తుకు ఉర్దూలనే చెప్తది. దీన్ని అడుగుండ్రి."

నేను లేచి నిలబడ్డాను. అమీను ఒక మోకాలు నేల మీద ఆనించి నా ఎత్తుకు వంగి, "బోలో బేటా," అన్నారు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాను. జంగల్ మే ఏక్ మోర్ బాద్‌షా థా. నెమలి రాజు అంటే మోర్ బాద్‌షాయే, ఇంకో మాట నాకు రాదు. బాద్‌షా కప్పల నోరు మూయించాడన్నాను. వాన పడలేదన్నాను. జవాను ఒక కాగితం మీద రాసుకుంటున్నాడు. చివరకు వచ్చేసరికి ఆగిపోయాను. బతిమిలాడడాన్ని ఉర్దూలో ఏమంటారో గుర్తు రాలేదు. అమీను ఎదురుచూస్తున్నారు.

"ఫిర్?"

"ఫిర్ బాద్‌షా మేండకోం కే పావ్ పడా," అన్నాను.

బాద్‌షా కప్పల కాళ్ళ మీద పడ్డాడని. జవాను రాయడం ఆపి తల ఎత్తాడు. అమీను అదే మాట నెమ్మదిగా ఇంకోసారి అడిగారు. అవునన్నాను.

"ఇది ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో లేదు. అక్క నోటితో చెప్పింది."

అన్నిటికంటే ఆయనను ఎక్కువగా కలవరపెట్టింది అదే. పుస్తకం ఉంటే తీసుకుపోయి చూసేవారు. పుస్తకం లేని కథను ఏం చేయాలో ఆయనకు పాలుపోలేదు. లేచి నా తల మీద చెయ్యి వేసి, "బహుత్ సాఫ్ ఉర్దూ హై," అన్నారు. నాకు చాలా సంతోషమయింది. దాచి ఏం లాభం, ఆ సంగతి కూడా రాయాలి. అమీను అంతటి మనిషి మెచ్చుకున్నాడని చెంపలు వేడెక్కాయి.

అప్పుడే అక్క మెట్లెక్కి వచ్చింది. గడప అవతలే ఆమెను ఆపి మాట్లాడారు. ఏం మాట్లాడారో సగం వినిపించింది, సగం కింద గిన్నెల చప్పుడులో పోయింది. ఇజాజత్ వచ్చేదాకా అన్న మాట రెండుసార్లు వినిపించింది. ఆమె లోపల ఉన్న మమ్మల్ని చూసింది. నన్ను చూసిందో, నా వెనక గోడను చూసిందో చెప్పలేను. లోపలికి రాకుండానే దిగి పోయింది. పంతులు సారు మమ్మల్ని ఇళ్ళకు పొమ్మన్నారు. అల్మారీకి తాళం వేశారు.

ఇంట్లో ఆ సంగతి చెప్తే అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "సర్కారు నౌకరి చేసెటోని బిడ్డవు, అమీను ముంగట నీకెందుకే గింత నోరు?" అంది. బాపు అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"అమీనుకు ఎట్ల చెప్పినవో గట్లనే నాకు చెప్పు."

చెప్పాను. నల్లాలు వదిలే మనిషి కదా, కుంట ఎండిన చోట ఆయన తల ఊపాడు. అంతా విని, "కప్పలు అరవకుంట వాన ఎట్ల పడ్తది. అండ్ల తప్పేముంది," అన్నాడు. లేస్తూ, "ఏమో," అన్నాడు. తరవాత వారం రోజులు ఆయన కూడా లైబ్రరీకి పోలేదు. భయపడ్డాడో, పని ఎక్కువగా ఉందో అడగలేదు.

నన్ను పట్టుకున్న సందేహం వేరు. అక్క బతిమిలాడింది అనే చెప్పిందా, కాళ్ళ మీద పడింది అని చెప్పిందా? మాట దొరక్క నేనే అన్నానని ఒక పూట అనిపించేది. కాదు, అక్కే అంది, అందుకే నా నోటికి వచ్చిందని ఇంకో పూట అనిపించేది. దోస్తును అడిగాను. అది ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పావ్ పడా. నేను విన్న గద."

"ఎవరు చెప్తే విన్నవ్? అక్క చెప్తెనా, నేను చెప్తెనా?"

"నువ్వే గద నాకు చెవుల చెప్పేది," అంది.

దాని సాక్ష్యం నా సాక్ష్యమే. ఇంక అక్కనే అడగాలి. రెండు శుక్రవారాలు చూసి, మూడో శుక్రవారం మేమిద్దరం ఇంట్లో చెప్పకుండా బయలుదేరాం. పురానాపూల్ వంతెన దాటడం నాకు కొత్త కాదు కాని బాపు లేకుండా దాటడం అదే మొదలు. కిషన్‌బాగ్‌లో ఇల్లు తెలియదు. కథలు చెప్పే టీచరమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరికీ తెలియలేదు. మిషను బడి టీచరమ్మ అంటే ఒక ముసలామె చూపించింది.

అక్క వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి, లోపలికి పోయి ముంతతో మంచినీళ్ళు తెచ్చింది. తాగుతూనే అడిగేశాను.

"అక్కా, నెమలి కప్పల కాళ్ళ మీద పడ్డదా?"

ఆమెకు మొదట అర్థం కాలేదు. అమీను దగ్గర జరిగింది మొత్తం చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"నాకు యాది లేదు బిడ్డా."

"బతిమిలాడింది అన్నవా?"

"అన్ననేమో. ఆ కథ యాడ ఉన్నది కాదు. ఆనాడు టాంగాల వచ్చుకుంట కట్టిన. మల్ల చెప్పమంటె ఇంకో తీరు చెప్తనేమో."

"నా వల్లనే కథలు బందయినయా?"

"నీ వల్ల కాదు. వాళ్ళు ముంగట్నే అనుకొని వచ్చిండ్రు." అంతలోనే ఆమె తనలో తాను అన్నట్టు, "గట్లనే అనుకుంటున్న," అంది.

అప్పుడు నా దోస్తు దానికి తెలిసిన తెలుగులో నెమ్మదిగా అడిగింది. "అక్కా, ఆ నెమలి నెమలేనా?"

అక్క దాని వైపు తిరిగింది. "నేనైతె నెమలి గురించే చెప్పిన," అంది. తరవాత చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, ఎండ పోక ముందే ఇంటికి పొమ్మంది. దారిలో మేమిద్దరం దాని గురించే వాదించుకున్నాం. అక్క నిజం చెప్పిందని నేను, సగమే చెప్పిందని అది. ఏ సగమో దానికీ తెలియదు.

ఇజాజత్ రావడానికి చాలా నెలలు పట్టింది. పంతులు సారు ఎన్ని దఫ్తర్లు తిరిగారో ఆయనకే తెలుసు. వచ్చిన కాగితాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించారు. దాని ప్రకారం పిల్లలకు పుస్తకం పైకి చదివి వినిపించవచ్చు. అచ్చులో ఉన్నదే చదవాలి, నోటితో చెప్పకూడదు. ఒక జవాను వచ్చి కూర్చుంటాడు.

అక్కకు పంతులు సారు కబురు పంపారు. చూసి చదవడం తనకు రాదని ఆమె తిరిగి కబురు పంపింది. బడిలో టీచరుకు చూసి చదవడం రాకపోవడమేమిటో మాకు బోధపడలేదు. పంతులు సారే చదవడానికి కూర్చున్నారు. ఆయన పంచాంగం చదివినట్టు చదివేవారు. మూడో వారానికి జంపఖానా మీద అయిదుగురం మిగిలాం. అప్పుడాయన పుస్తకం నా చేతిలో పెట్టారు.

"నువ్వు చదువు. నీకు గొంతుంది."

నాకు పన్నెండేళ్ళు. మొదటి శుక్రవారం జవాను గడప దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు కాగితం మీద రాసుకున్న జవాను కాదు, ఇంకొకడు. పుస్తకంలో పిల్లవాడు చావడిలో పడుకున్నాడు అని చదివాను. ఒక చిన్న పిల్ల, "చావడి అంటే ఏంది?" అంది. నేను నోరు తెరిచి ఆగాను. అర్థం చెప్తే అది అచ్చులో ఉన్నది కాదు. చెప్పకపోతే కథ అక్కడే ఆగుతుంది. పంతులు సారు వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"మన అర్ర అసొంటిదే. నలుగురు కూసుంటరు," అన్నాను.

జవాను తల తిప్పి ఉర్దూలో అడిగాడు. "అది పుస్తకంలో ఉందా?"

"ఉంది," అన్నాను. అది పూర్తిగా అబద్ధమూ కాదు. మాట పుస్తకంలో ఉంది, అర్థం నా దగ్గర ఉంది.

ఆ తరవాత అర్థాలు పెరిగాయి. ఒక వాక్యం చదివి నాలుగు వాక్యాలు చెప్పేదాన్ని. నా దోస్తు చెవిలో కూడా చెప్పేదాన్ని. మళ్ళీ పిల్లలు నిండారు. ఎక్కడ చదవడం ఆగి, ఎక్కడ చెప్పడం మొదలవుతోందో జవానుకు తెలియలేదు. నిజానికి నాకూ తెలియలేదు. ఆ జవాను కొన్ని నెలలు వచ్చాడు. తరవాత ఒక వారం రాలేదు, ఇంకో వారం రాలేదు, ఇక రానే లేదు. రావద్దన్నారో, ఆయనే మానేశాడో ఎవరూ చెప్పలేదు. మేం మాత్రం ఆ స్టూలును చాలా రోజులు అక్కడే ఉంచాం.

నా దోస్తు పద్నాలుగో ఏట పెళ్ళయి బీదర్ పోయింది. నాకు పురానాపూల్ ఇవతలే సంబంధం కుదిరింది. మా అత్తగారు శుక్రవారం రెండు గంటలు బయటికి పోవడానికి మొదట ఒప్పుకోలేదు. పిల్లలకు చదవడమేనని తెలిశాక, చిన్న ఆడబిడ్డను వెంట తీసుకుపోవాలన్న షరతు మీద ఒప్పుకుంది. అల్మారీలు రెండయ్యాయి, తరవాత మూడయ్యాయి. పుస్తకాలు ఇంటికి ఇవ్వడం మొదలయింది. అట్ట మార్చి 'పిల్లల గది' అని రాయించాను. పంతులు సారు పోయాక తాళంచెవి నా దగ్గరికి వచ్చింది.

నలభైల చివర రాజ్యం మారింది. ఇజాజత్ కాగితాన్ని గోడ మీంచి తీసేశారు. లైబ్రరీ పెద్దలు తమ చరిత్ర ఒక చిన్న పుస్తకంగా వేయాలనుకున్నారు. పిల్లల విభాగం గురించి ఒక పేజీ కావాలని కార్యదర్శి నన్ను పిలిచారు. ఆయన కొత్తవాడు, చాలా పద్ధతి గల మనిషి.

"పిల్లల విభాగం ఎప్పుడు మొదలయిందమ్మా?"

ఏమని చెప్పాలి? అల్మారీ పెట్టిన రోజా, అక్క మొదటి కథ చెప్పిన రోజా, కాగితం వచ్చిన రోజా? మూడూ చెప్పాను. కమిటీలో ముగ్గురు మూడు మాటలన్నారు. కాగితం ఉన్నది కాగితం రోజుకే కాబట్టి అదే రాద్దామన్నారు. నాకది నచ్చలేదు. అంతకు ముందు ఒకామె మాకు కథలు చెప్పేదని, ఆమె వల్లనే పిల్లలు వచ్చారని చెప్పాను.

కార్యదర్శి కలం తెరిచారు. "ఆమె పేరు?"

నోరు తెరిచాను కాని పేరు రాలేదు. గుర్తు లేకపోవడం కాదు, నాకు ఎన్నడూ తెలియదు. ఆమె అక్క అనమంది, మేం అక్క అన్నాం. పాత రిజిస్టర్లు వెతికాం. సభ్యుల పేర్లు ఉన్నాయి, పుస్తకాల పేర్లు ఉన్నాయి, ఆమె వచ్చినట్టు ఒక్క గీత కూడా లేదు. పంతులు సారు జాగ్రత్త కోసం రాయలేదో, పేరు రాసే అలవాటే లేదో తెలియదు. కిషన్‌బాగ్ పోయి చూశాను. ఆ ఇంట్లో వేరే కుటుంబం ఉంది. ఆమె ఏ బడికి బదిలీ అయిందో, జిల్లాకు తిరిగి పోయిందో చుట్టుపక్కల ఎవరూ చెప్పలేకపోయారు. బీదర్‌కు ఉత్తరం రాశాను. దోస్తు జవాబు రాసింది. నలుగురు పిల్లల కబుర్లన్నీ రాసి, చివర, అక్క పేరు అక్క కాదా అని అడిగింది.

అచ్చయిన పుస్తకం నా దగ్గర ఉంది. అందులో ఒక వాక్యం, 'తొలుత ఒక ఉపాధ్యాయిని కొన్నాళ్ళు బాలురకు కథలు చెప్పినది' అని. పక్కన ఒక సంవత్సరం వేశారు. అది తప్పని నాకు గట్టిగా అనిపిస్తుంది. సరైనది ఏదని అడిగితే మాత్రం చెప్పలేను.